ఉల్లిపాయల గోడౌన్‌లో జనరల్ బాడీ

సౌదీలో హాయిల్ ఊరి కూరగాయల మండీ వెనక వీధిలో మా గోడౌన్. దానికి ముందు వైపు షాపు. షాపు నాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే మా కఫీల్ అబూ ఫహద్‌ది, నడిపేది నేను. ములక్కాడల నుంచి గోంగూర దాకా తెలుగువాళ్ల వంటింటికి కావలసినవన్నీ నా దగ్గర దొరుకుతాయి. నా వ్యాపారం రెండు కాళ్ల మీద నిలబడింది. ఒకటి, అచ్యుతరావు గారి కంపెనీ క్యాంపు మెస్సుకి వారం వారం వెళ్లే ఆర్డరు. రెండోది శుక్రవారం బస్సు.

బస్సంటే మా తెలుగు సంఘం మాట్లాడుకున్న బస్సు. ఊరికి దూరంగా హైవే పక్కన ఒక హాస్పిటల్ ఉంది. దాని క్వార్టర్స్‌లో మన నర్సులు ముప్పైమంది దాకా ఉంటారు. నరసాపురం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి వచ్చిన ఆడపిల్లలు. వారమంతా వాళ్లకి వార్డు, గది, మళ్లీ వార్డు. శుక్రవారం ఈ బస్సు వెళ్లి వాళ్లని ఊళ్లోకి తెస్తుంది. చుట్టూ కాంపౌండు గోడ కట్టి అద్దెకిచ్చే విడిదిని ఇక్కడ ఇస్తిరాహా అంటారు, సంఘానిది మా వీధిలోనే ఉంది. అందులో అందరితో కలిసి భోజనం, కాసేపు తెలుగులో నవ్వుకోవడం, సాయంత్రం నా షాపులో సరుకులు, మళ్లీ బస్సు. ఇక్కడ సెలవు శుక్రవారమే, ఆ బస్సే లేకపోతే వాళ్లకి సెలవు రోజూ పని రోజూ ఒకటే.

సంఘం అంటే రిజిస్టరు చేసుకున్నదేం కాదు. ఒక ఇస్తిరాహా, ఒక వాట్సాప్ గ్రూపు, ఒక ప్రెసిడెంటు. అచ్యుతరావు గారు పదేళ్లుగా ప్రెసిడెంటు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ దిగమనలేదు. తెనాలి మనిషి, పెద్ద ఇంజనీరు. ఎవరింట్లో గీజరు పాడైనా స్క్రూడ్రైవరు పట్టుకుని తనే వెళతాడు. ఆయనతో చిక్కల్లా ఒక్కటే. ఏదైనా తేల్చమని అడిగితే ‘చూద్దాం’ అంటాడు. నా దగ్గర కొనేవాళ్లలో కాదు అనేవాడితో నాకు ఇబ్బంది లేదు, ఆ సరుకు ఇంకొకరికి అమ్ముకుంటాను. చూద్దాం అనేవాడి కోసం సరుకు పక్కన పెడితే కుళ్లిపోతుంది.

సంఘానికి చందా తలకింత అని కట్టాలి. ఓటు మాత్రం ఇంటికొకటి. సంఘం మొదలైనప్పుడు ఉన్నవన్నీ కుటుంబాలే, అప్పుడు అది సరిపోయింది. తర్వాత నర్సులు వచ్చారు. వాళ్లని ఎక్కడ చేర్చాలో తోచక క్వార్టర్స్ మొత్తాన్ని ఒక ఇల్లు కింద వేసుకున్నారు. అంటే ముప్పైమందీ చందా కడతారు, ఓటు ఒకటే. ఫ్యామిలీల్లో పిల్లలకి చందా లేదు. సేవ చేస్తున్నారు కాబట్టి కమిటీ వాళ్లకీ లేదు. ఫ్యామిలీ గ్రూపు అని పిలుచుకునే ఆ వాట్సాప్ గ్రూపులోనూ ఇంటికో నంబరే, కొట్టువాణ్ణి కాబట్టి నాది లేదు. క్వార్టర్స్ తరఫున ఐసీయూలో పనిచేసే లీల నంబరు ఉండేది. ఇదంతా ఎవరూ కుట్ర పన్ని చేసింది కాదు. పాత తరాజుని ఎవరూ సరిచూడలేదు, అంతే.

మొన్నటి ఉగాదికి కమిటీ గట్టిగా ఖర్చు పెట్టింది. రియాద్ నుంచి ఆర్కెస్ట్రా, లైట్లు, కమిటీ వాళ్లు కమిటీ వాళ్లకే కప్పుకున్న శాలువాలు. ఆ నెలలోనే ఇస్తిరాహా యజమాని అద్దె పెంచాడు. చూస్తే సంఘం చేతిలో ఏమీ లేదు. ఎక్కడ తగ్గించాలని కమిటీ కూర్చుంటే ఎవరికీ తగలని ఖర్చు ఒకటి కనిపించింది, బస్సు. అందరికీ కార్లున్నాయి మరి.

అచ్యుతరావు గారికి మనసొప్పలేదు. జనరల్ బాడీ పెడదాం, ఎవరి ఇబ్బందులు వాళ్లు వచ్చి చెప్పండి అన్నాడు.

ఆ మర్నాడు ఆయన భార్య నమ్రత గారు సరుకులకి వచ్చింది. ఇండియన్ స్కూల్లో సోషల్ టీచరు. వంకాయలు ఏరుతూ కూడా పాఠం చెప్పే మనిషి.

“తొమ్మిదో తరగతికి ఫ్రెంచి విప్లవం చెప్తున్నా అన్నయ్య గారూ. విప్లవానికి కారణాలు, అయిదు మార్కుల ప్రశ్న. సామాజిక, ఆర్థిక, రాజకీయ కారణాలు, మేధావుల ప్రభావం, తక్షణ కారణం. పిల్లలు బట్టీ కొట్టేస్తారు.”

“రొట్టె ధర అందులో ఎక్కడొస్తుందమ్మా? ముందటేడు పంట పోయిందని, రొట్టె మండిపోయిందని ఎక్కడో విన్నాను.”

“ఆర్థిక కారణాల్లో వస్తుంది.”

“మొత్తం కారణం అదే కదా. కడుపు కాలితే రాజెవడు, గీజెవడు?”

ఆవిడ ఒక వంకాయని వెనక్కి పెట్టేసింది, పుచ్చు కనిపించినట్టుంది. “కాదండీ. రొట్టె ధర ఒక్కటే పెరిగితే జనం రొట్టెల దుకాణం మీద పడతారు. మీరు ఉల్లిపాయల రేటు పెంచితే మిమ్మల్ని తిట్టుకుంటారు గానీ రాజుని తిట్టరు. రాజు దాకా వెళ్లాలంటే ఇంకొకటి కావాలి. భారమేమో కింద వాళ్ల మీద, మాటేమో పై వాళ్లది. మతాధికారులకి ఒక ఓటు, ప్రభువులకి ఒక ఓటు, మిగిలిన దేశం మొత్తానికి కలిపి ఒక ఓటు. దాంట్లో మళ్లీ ఖజానా ఖాళీ అయ్యిందని రాజే అందర్నీ పిలిచి, మీ ఇబ్బందులు చెప్పండి అన్నాడు. ఊరూరా రాసి పంపారు.”

“పంపాక?”

“ఏదీ తేల్చలేదు. చెడ్డవాడేం కాదు పాపం. తాళాలు బాగు చేసుకోవడం ఇష్టమట ఆయనకి.”

అని ఆగిపోయింది. నేనూ తూకం చూస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆవిడే అంది, “మా ఆయనకి చెప్పాను. అది ఫ్రాన్సు, ఇది హాయిల్ అన్నారు.”

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. అడగనంతసేపు ఫిర్యాదు ఫిర్యాదుగానే ఉంటుంది. మీకేం కావాలో చెప్పండి అని కొట్లో కూర్చున్నవాడే అడిగాక అది ఆర్డరు అవుతుంది. ఆర్డరు రాసుకుని సరుకు పంపకపోతే ఏమవుతుందో నాకు పుస్తకాలు చెప్పక్కర్లేదు.

ఆ పై శుక్రవారం కెజియా సాయంత్రం షాపుకి వచ్చింది. సీనియర్ నర్సు, నరసాపురం. ఆ పిల్లలందరికీ అక్క. నాతో బేరమాడి గెలిచేది ఈ ఊళ్లో ఆవిడొక్కతే.

“రాజన్నయ్యా, వచ్చే వారం మీటింగులో బస్సు ఉంచాలా తీసేయాలా అని ఓటింగట. మేమంతా కలిపి ఒక ఓటట. ఇందులో నువ్వేమంటావ్?”

“నేను కూరగాయలు అమ్ముకునేవాణ్ణమ్మా.”

“అదే అడుగుతున్నా. బస్సు పోతే నీ చింతపండు ఎవరికి అమ్ముతావు? ఒంటెలకా?”

వెనక నిలబడ్డ క్రిస్టీనా, కొత్తగా వచ్చిన పిల్ల, పకపకా నవ్వింది. “అన్నయ్యకి క్యాంపు ఆర్డరుందిలే అక్కా. సార్ మీద ఈగ వాలనిస్తాడా?”

ఆ పిల్ల చెప్పింది సరిగ్గా నా లెక్కే. తలకో ఓటు కావాలని కెజియా అచ్యుతరావు గారిని అప్పటికే అడిగింది. ఆయన ఏమన్నాడో చెప్పనక్కర్లేదు.

మీటింగు రోజు పొద్దున నేను గోడౌన్‌లో ఉల్లిపాయలు ఏరుతున్నాను. మే నెల. పదకొండు దాటేసరికి వీధి పెనంలా కాలుతోంది. జుమ్మా నమాజు టైముకి మండీ మొత్తం మూసేశారు, నా షాపు షట్టరూ దించేశాను. అప్పుడు బస్సు చప్పుడు వినిపించింది. వెనక తలుపు సందులోంచి చూస్తే, ఎదురు వరసలో నాలుగు కాంపౌండ్ల అవతల ఇస్తిరాహా గేటు ముందు నర్సులు దిగుతున్నారు. డ్రైవరు ఇస్మత్, పెషావర్ వాడు, “బాజీ, నమాజ్ కా టైమ్ హో గయా” అంటూ బస్సు తిప్పుకుని మసీదుకి వెళ్లిపోయాడు. ఎప్పుడూ అలాగే వెళతాడు, సాయంత్రం వస్తాడు.

గేటుకి తాళం వేసి ఉంది. అక్కడ ఒక్క మనిషి లేడు, ఒక్క కారు లేదు.

వాళ్లు కాసేపు తలుపు కొట్టారు. గోడ నీడ జానెడు కూడా లేదు. చున్నీలు తల మీదికి లాక్కుని నిలబడ్డారు. సగం మంది నైట్ డ్యూటీ దిగి, ఇక్కడ భోజనం ఉంటుంది కదా అని ఏమీ తినకుండా వచ్చినవాళ్లే. క్రిస్టీనా గొంతు నా దాకా వినిపించింది.

“ఇంకా అర్థం కాలేదా అక్కా? మనల్ని ఎండలో దించేసి వాళ్ల ఇళ్లలో ఓటింగు కానిచ్చేస్తున్నారు. తాళం వేసింది గేటుకి కాదు, మనకి!”

“నోరు మూయవే. రావు గారు అలాంటి మనిషి కాదు.”

“అయితే ఏరీ?”

నేను అచ్యుతరావు గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. నమ్రత గారికి చేశాను.

“తాళంచెవి విరిగిందండీ నిన్న. కొత్త తాళానికి ఆయన వర్క్‌షాపులుండే సనాయియాకి వెళ్లారు, అక్కడ కొట్లన్నీ నమాజుకి మూసేసి ఉంటాయి. మీటింగు, భోజనం మధ్యాహ్నం అసర్ నమాజు తర్వాతకి మార్చారుగా. గ్రూపులో పెట్టారు.”

“ఏ గ్రూపులో అమ్మా?”

“ఫ్యామిలీ… లీల చూసుకోలేదా?”

“దిగినవాళ్లలో లీల లేదు, డ్యూటీలో ఉన్నట్టుంది. ఫోను లాకర్‌లో ఉంటుంది.”

“వస్తున్నాను,” అని పెట్టేసింది.

తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. అప్పుడు నేను ఆలోచించింది మానవత్వం గురించి అని చెప్తే అబద్ధం. తలుపు తీస్తే నేను నర్సుల పక్షం అనుకుంటారు, క్యాంపు ఆర్డరు పోవచ్చు. తీయకపోతే వీళ్లు ఎండకి తాళలేక ఎలాగో టాక్సీలు పట్టుకుని వెనక్కి పోతారు. అలా పోయినవాళ్లు మళ్లీ బస్సు పెట్టినా రారు. ఏ కాలు విరిగితే నడవగలను? పైగా గుంపు చేరితే కఫీల్‌కి చెప్పాలి. అబూ ఫహద్‌కి ఫోన్ చేశాను. మసీదుకి బయల్దేరుతున్నాడు. సంగతి విని అరిచాడు.

“ఆడవాళ్లని ఎండలో నిలబెట్టి నాకు ఫోన్ చేస్తున్నావా? నీళ్లివ్వు, ఖర్జూరం ఇవ్వు, ఏసీ వెయ్యి!”

అడగాల్సిన అవసరమే లేదని అప్పుడు తెలిసింది. తలుపు తీసి కేకేశాను. “కెజియా! ఇటు రండమ్మా అందరూ.”

వాళ్లంతా లోపలికి వచ్చేసరికి గోడౌన్‌లో అడుగు పెట్టే చోటు లేదు. ఉన్నదల్లా ఉల్లిపాయల బస్తాలు. వాటి మీదే కూర్చున్నారు. షాపులోంచి ఖుబూస్ రొట్టెల ప్యాకెట్లు, పెరుగు డబ్బాలు, అరటిపళ్లు తెచ్చి మధ్యలో పెట్టాను.

“ఇదంతా మా ఖాతాలో రాసుకో అన్నయ్యా,” అంది కెజియా.

“రేపటికి నల్లబడే పళ్లమ్మా అవి. రాస్తే నాకే సిగ్గు.”

“సార్‌కి ఫోన్ చేశావా?” అంది కెజియా.

నమ్రత గారు చెప్పిందంతా చెప్పాను. తాళం, సనాయియా, గ్రూపు. కొందరు మెత్తబడ్డారు. క్రిస్టీనా మెత్తబడలేదు.

“అయితే ఇంకా ఘోరం కదన్నయ్యా. కావాలని చేస్తే మనం గుర్తున్నట్టు. మనం గుర్తే లేం.”

పెరుగు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. నాకు అప్పుడు భయం వేసింది. అరిచే జనాన్ని నేను చాలామందిని చూశాను, అరిచాక సరుకు తీసుకుని పోతారు. వీళ్లు అరవడం లేదు.

కెజియా ఖుబూస్ సగం చింపి పక్కనున్న పిల్లకిచ్చింది. “మీటింగు కోసం వచ్చాం. మీటింగు పెట్టుకుందాం. సార్ ఇబ్బందులు చెప్పమన్నారు, మనకున్నది ఒక్కటే. బస్సు ఉండాలి. దానికి ఓటంటే మనిషికో చెయ్యి. అది ఒప్పుకునేదాకా ఆ గేటులో అడుగు పెట్టం, చందా కట్టం. ఇస్మత్ భాయ్‌తో మనమే మాట్లాడుకుని వస్తాం, ఇదిగో ఇక్కడే కూర్చుంటాం. సరేనా?”

“నా గోడౌనా?” అన్నాను.

“ఇందాక నువ్వే కదా పిలిచింది.”

చేతులన్నీ లేచాయి. ఒక పిల్ల నిద్రలో ఉంది, పక్కనున్నది దాని చెయ్యి ఎత్తి పట్టుకుంది.

అప్పుడే నమ్రత గారి కారు ఆగింది. ఇంట్లో మధ్యాహ్నానికి వండిన పులిహోర గిన్నెతో సహా తెచ్చేసింది. లోపలికి రాబోతూ, బస్తాల మీద ఆడపిల్లల్ని చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

“క్షమించండమ్మా. మాకు తట్టలేదు.”

“కూర్చోండి మేడమ్,” అంది కెజియా, లేవకుండానే. మాటలో మర్యాద ఉంది, చోటు మాత్రం బస్తా మీదే చూపించింది.

ప్రెసిడెంటు గారి భార్య ఇస్త్రీ చీరతో ఉల్లిపాయల బస్తా మీద కూర్చుంది. గిన్నె మూత తీసింది. పులిహోర అయిపోయాక ఫోను తీసి ఫ్యామిలీ గ్రూపులో ఒక్క మాట పెట్టింది, ‘నేను ప్రేమరాజు గారి గోడౌన్‌లో ఉన్నాను. భోజనాలు ఇక్కడికే తెండి.’

మొదట ఫ్యామిలీల్లోంచి నాగమల్లేశ్వరి గారు కోడికూర క్యారియర్‌తో, వాళ్లాయనతో వచ్చింది. “మా ఓటు కూడా ఆయనొక్కడే వేస్తాడమ్మా. పదేళ్లుగా నన్నెవరు అడిగారు?” అంటూ వాళ్లాయన వంక చూసి మరీ కూర్చుంది. తర్వాత ఇంకో రెండు కుటుంబాలు. అసర్ నమాజు అయ్యేసరికి వీధిలో కార్లు పెట్టడానికి చోటు లేదు. గోడౌన్‌లో ఉల్లిపాయల వాసన పోయి పండగ వాసన వచ్చింది.

ఆ సమయంలో అచ్యుతరావు గారు ఇస్తిరాహాలో ఉన్నాడు. కొత్త తాళం తెచ్చి, పాతది కోసి, గేటు తీసి, ఒక్కడే కుర్చీలన్నీ వరసగా వేశాడు. మైకు పెట్టాడు. కూర్చుని ఎదురు చూశాడు. ఎవరూ రాలేదు. మా వైపు నవ్వులు వినిపించి నడుచుకుంటూ వచ్చాడు. చేతులకి గ్రీజు, ఒక చేతిలో స్క్రూడ్రైవరు.

“ఏంటి రాజూ ఇది, గొడవా?”

నేను నోరు తెరిచేలోగా నమ్రత గారు అంది, “గొడవేం లేదండీ. భోజనాలు.”

ఆయన అందరి మొహాలూ చూశాడు. పక్కింటివాళ్లు, కమిటీలో ఇద్దరు, తన భార్య. “నేను మెసేజ్ పెట్టాను కదా?”

“మాకు పెట్టలేదు సార్,” అంది కెజియా. గొంతు పెంచలేదు. “మేం వచ్చిన దగ్గర్నుంచీ పెట్టలేదు. ఇవాళ ఎండ ఉంది కాబట్టి తెలిసింది.”

ఆయన కుర్చీ కోసం చూశాడు. ఉన్న ఒక్క స్టూలు మీద నాగమల్లేశ్వరి గారి క్యారియర్ ఉంది. కెజియా జరిగి తన పక్కన బస్తా మీద చెయ్యి తట్టింది. ఆయన కూర్చున్నాడు. ఇంత పెద్ద ఇంజనీరు, మోకాళ్లు గడ్డానికి తగిలేలా.

“బస్సు వారం తప్పి వారం వేద్దామని చెప్పడానికే వస్తున్నానమ్మా ఇవాళ,” అన్నాడు.

“నిన్న చెప్పి ఉంటే దండం పెట్టేవాళ్లం సార్.”

ఆయన స్క్రూడ్రైవర్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. చూద్దాం అంటాడని నేను ఎదురు చూశాను. అందరూ ఎదురు చూశారు. ఆయన నమ్రత గారి వంక చూశాడు. ఆవిడ కళ్లు దించుకుని పులిహోర గిన్నె గీకుతోంది.

“సరే,” అన్నాడు. “మనిషికో చెయ్యి. బస్సు ప్రతి వారం ఉండాలనేవాళ్లు ఎత్తండి.”

లెక్కపెట్టే పని నాకు అప్పజెప్పారు. లెక్క అవసరం లేకపోయింది. కమిటీ ఇద్దరు మాత్రం అడిగారు, డబ్బెక్కడిదని. కమిటీ కూడా చందా కడితే సరిపోతుందని నాగమల్లేశ్వరి గారు అంది. ఆవిడ భర్త కమిటీలోనే ఉన్నాడు. ఆయన దగ్గాడు, కానీ చెయ్యి ఎత్తాడు.

“నా చెయ్యి కూడా లెక్కలోకి వస్తుందా?” అని అడిగాడు అచ్యుతరావు గారు.

“వస్తుంది సార్,” అంది కెజియా. “ఒకటి.”

ఎత్తాడు. గ్రీజు చెయ్యి.

“మరి ప్రెసిడెంటు సంగతి?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. కెజియా ఆయన వంక చూసి, “చూద్దాం,” అంది. ముందు నవ్వింది ఆయనే.

సాయంత్రం నా షాపులో ఎప్పటికంటే ఎక్కువ బేరం జరిగింది. అది నిజం, చెప్పుకోకపోతే లెక్క తప్పు. ఇస్మత్ హారన్ కొట్టాడు, పిల్లలు సంచులతో ఎక్కారు. అచ్యుతరావు గారు బస్సు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి నంబరూ తన ఫోన్లో గ్రూపులోకి ఎక్కిస్తున్నాడు. అక్షరాలు కనిపించక కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటున్నాడు. నాతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ప్రతి శుక్రవారం రాత్రి క్యాంపు ఆర్డరు ఆయన ఫోనులోనే వచ్చేది. ఆ రాత్రి రాలేదు. ఒక కాలు పోయిందనుకుని పడుకున్నాను. పొద్దున లేచి నలిగిన ఉల్లిపాయలు వేరు చేస్తుంటే నమ్రత గారు వచ్చింది. నా బల్ల మీద చిన్న చీటీ పెట్టింది. ఎప్పటి ఆర్డరే.

“ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదట,” అంది. తర్వాత నవ్వు ఆపుకుంటూ, “ఉల్లిపాయలు మాత్రం మనుషులెవరూ కూర్చోని బస్తాలు పంపమన్నారు.”

“తప్పకుండా అమ్మా,” అన్నాను. “పాఠం అయిపోయిందా?”

“కారణాలు అయ్యాయి. రాజు సంగతి వచ్చే వారం.”

“ఏమయ్యాడేంటి చివరికి?”

ఆవిడ వంకాయలు ఏరుతూ తల అడ్డంగా ఊపింది. “అది వద్దులెండి. మా ఆయన మనిషికో చెయ్యి ఒప్పుకున్నారు కదా.”

క్యాంపు లారీకి అన్నీ మంచి బస్తాలే ఎక్కించాను. ఒక్కటి తప్ప. ఆయన కూర్చున్న బస్తా నాకు గుర్తుంది, దాని మీద గ్రీజు వేళ్ల ముద్రలున్నాయి. అది మాత్రం అడుగున పెట్టి పంపాను.